ప్రేయస్సుకు తగిన తీరం

వేసవి సెలవులకు పోర్చుగల్ సముద్రతీరానికి వెళ్లదలచినవారి ముందు అల్బుఫైరా, లాగోస్, సాగ్రెస్, నజరే, కష్కైస్, తవీరా వంటి ఊళ్లు అనేకం ఉంటాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడం బసకయ్యే ఖర్చు, నీటి చల్లదనం, విమానాశ్రయం నుంచి దూరం లెక్కవేసుకుంటే తేలిపోయే సంగతిగానే పైకి కనిపిస్తుంది. అయితే క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలోనే సెనెకా అనే రోమన్ తత్త్వవేత్త దీన్ని నీతిశాస్త్రపు ప్రశ్నగా పరిగణించి ఒక లేఖ మొత్తం కేటాయించాడు. నేపుల్స్ దగ్గరి బాయే అనే విహారతీరానికి వెళ్లి మర్నాడే అక్కడి నుంచి బయలుదేరిపోయానని మిత్రుడు లుసీలియస్‌కు రాసిన ఆ 51వ లేఖలో చెబుతూ, ఉండటానికి ఎంచుకునే చోటు ఒంటికే గాక నడవడికి కూడా ఆరోగ్యకరమైనదై ఉండాలని అతడు వాదించాడు. ఆల్ప్స్ మంచును లెక్కచేయక దాటివచ్చిన హానిబాల్ అంతటివాణ్ణి కంపానియాలో గడిపిన ఒక్క శీతాకాలపు సుఖం నీరుగార్చిందని ఉదాహరణ కూడా చూపాడు. విశేషమేమంటే, అంతకు ముందరి 28వ లేఖలో ఇతడే ఇందుకు దాదాపు ఎదురు వాదన చేశాడు. మారవలసింది మనసే తప్ప దేశం కాదనీ, సముద్రాలు దాటినా మనిషి తన వెంట తననే తీసుకుపోతాడనీ, అందువల్ల ప్రయాణం దుఃఖానికి మందు కాదనీ ఆ లేఖ సారాంశం. చోటుకు మనిషిని మార్చే శక్తి లేదనుకుంటే బాయేను చూసి భయపడవలసిన పని లేదు. ఉందనుకుంటే మంచి చోటు మనిషికి మేలు కూడా చేయగలదని ఒప్పుకోక తప్పదు. రోమ్ మహాధనికుల్లో ఒకడైన సెనెకాకు, నచ్చని ఊరిని మర్నాడే విడిచిపెట్టగల వెసులుబాటు ఉండేదన్నది కూడా ఇక్కడ మరచిపోరాదు. ఏడాదికొకసారి దొరికే సెలవుకు నెలల ముందే డబ్బు కట్టేసిన కుటుంబానికి ఆ వెసులుబాటు ఉండదు.

ఈ చిక్కును విప్పడానికి కఠోపనిషత్తు చేసిన విభజన కొంతవరకు పనికివస్తుంది. యముడు నచికేతుడికి బోధిస్తూ, మనిషి ముందుకు వచ్చేవి రెండని చెబుతాడు: ఒకటి శ్రేయస్సు, అంటే చివరకు మేలు చేసేది, రెండోది ప్రేయస్సు, అంటే అప్పటికి ప్రియంగా, హాయిగా ఉండేది. వివేకి మొదటిదాన్ని, మందబుద్ధి రెండోదాన్ని వరిస్తారని అక్కడి తీర్పు. నచికేతుణ్ణి పరీక్షించడానికి యముడు ఇవ్వజూపిన దీర్ఘాయువు, ఏనుగులు, గుర్రాలు, రథాలెక్కి వచ్చే అప్సరసల పట్టికలో సముద్రం కనిపించే గది లేకపోవచ్చు గాని, సెలవు విహారం చేరవలసింది మాత్రం ఆ పట్టికలోకే. అంతమాత్రాన విచారణ ముగిసిపోదు. భారతీయ సంప్రదాయమే కామాన్ని నాలుగు పురుషార్థాలలో, అనగా మనిషి కోరదగిన నాలుగు ప్రయోజనాలలో, ఒకటిగా లెక్కించి, ధర్మానికి లోబడినంత మేరకు దానికి గౌరవమైన స్థానమే ఇచ్చింది కనుక, సుఖాన్ని కోరవచ్చునా అన్న ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. తేలనిది మరొకటి ఉంది: ఒకే రకమైన ఎండ, ఒకే రకమైన ఇసుక దొరికే రెండు తీరాలలో ఒకదాని సుఖం రెండోదాని సుఖం కంటే మేలైనదని చెప్పడానికి ఆధారమేమైనా ఉందా? ఉందనీ, వచ్చినవారి ఇష్టానికి పూర్తిగా లొంగిపోకుండా ఆ చోటు నిలుపుకున్న సొంత నియమమే ఆ ఆధారమనీ పోర్చుగల్ తీరపు చరిత్రను బట్టి వాదించవచ్చు.

ముందుగా ప్రేయస్సు సంగతి. దేశపు దక్షిణపు అంచున ఉన్న అల్గార్వ్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 3000 గంటలు ఎండ కాస్తుంది. 1965లో ఫారో విమానాశ్రయం తెరిచిన తరువాత బ్రిటన్, జర్మనీ వంటి మబ్బు దేశాల జనం అక్కడికి వెల్లువెత్తడానికి ప్రధాన కారణం ఈ ఎండే. స్థానికులు ఆ తీరాన్ని రెండుగా చూస్తారు: గాలికి ఎదురుగా ఉండే పడమటి భాగం బార్లవెంతు, గాలి మరుగున ఉండే తూర్పు భాగం సోతవెంతు. మొదటిదానిలో పసుపు, ఎరుపు కలిసిన ఎత్తైన కొండచరియలూ వాటి కింద చిన్న చిన్న ఇసుక తీరాలూ ఉంటే, రెండోదానిలో రియా ఫొర్మోజా అనే ఉప్పునీటి కయ్యకు ముందు బారులు తీరిన ఇసుక దీవులుంటాయి. దేశపు పడమటి తీరమంతటా మాత్రం వేసవిలో నొర్తాద అనే ఉత్తరపు గాలి బలంగా వీచి పైనీటిని ఒడ్డు నుంచి సముద్రం లోపలికి నెట్టివేయగా, అడుగున ఉన్న చల్లని నీరు పైకి ఉబికివస్తుంది. అందువల్లనే ఆగస్టు ఎండలో కూడా నజరే దగ్గర నీళ్లలో పెట్టిన కాలు చటుక్కున వెనక్కు వస్తుంది. ఆ నీటితో పాటు పైకి వచ్చే పోషకాలే సార్డీన్ చేపలకు, అంటే ఆంధ్ర తీరంలో కవళ్లుగా తెలిసిన జాతికి దగ్గరి చేపలకు, ఆహారాన్ని సమకూరుస్తాయి. జూన్ నెలలో పునీత అంతోని పండుగకు లిస్బన్ వీధుల్లో నిప్పుల మీద కాలే సార్డీన్ల రుచికీ, ఈతకు దిగినవారి పళ్లు కటకటలాడించే చలికీ మూలం ఒకటే. ప్రేయస్సును మాత్రమే విడదీసి అందించే ఏర్పాటు ఈ తీరపు ప్రకృతిలో మొదటి నుంచీ లేదు.

ఇక చోటు నిలుపుకున్న సొంత నియమం సంగతి. ఐరోపాకు నైరుతి మూలన సముద్రంలోకి పొడుచుకువచ్చిన సాగ్రెస్ ప్రాంతాన్ని గ్రీకులు, రోమన్లు పవిత్రమైన అగ్రంగా ఎరిగి ఉండేవారు. స్త్రాబో అనే గ్రీకు భూగోళవేత్త తన గ్రంథంలోని మూడో భాగంలో, అక్కడికి స్వయంగా వెళ్లానని చెప్పుకున్న ఆర్తెమిదోరస్ మాటలను ఆధారం చేసుకుని ఆ చోటును వర్ణించాడు. అక్కడ హెర్క్యులిస్ దేవాలయం ఉందని పూర్వం ఒకరు రాసింది అబద్ధమనీ, ఆలయం గాని, ఏ దేవుడికీ బలిపీఠం గాని లేవనీ, ఉన్నవల్లా మూడేసి నాలుగేసి చొప్పున అక్కడక్కడ పడి ఉన్న రాళ్లేననీ అతడి కథనం. వచ్చినవారు తాతల నాటి ఆచారం ప్రకారం ఆ రాళ్లను తిప్పి, ధార పోసి, మళ్లీ యథాస్థానానికి జరిపేవారు. అక్కడ బలి ఇవ్వడం నిషిద్ధం; రాత్రివేళ ఆ నేల మీద కాలు పెట్టడం కూడా నిషిద్ధమే, ఎందుకంటే ఆ సమయంలో దేవతలు దాన్ని ఆక్రమించుకుని ఉంటారని జనం చెప్పేవారు. అందువల్ల చూడవచ్చినవారు దగ్గరి పల్లెలో రాత్రి గడిపి, తెల్లవారాక, అక్కడ నీరు దొరకదు కనుక తాగడానికి నీళ్లు వెంటబెట్టుకుని వెళ్లేవారు.

ఈ వర్ణనలో తత్త్వదృష్టికి ఆనవలసినవి చాలా ఉన్నాయి. విగ్రహం లేదు, గుడి లేదు, పురోహితుడి ప్రస్తావన లేదు. ఆ చోటు పవిత్రతంతా కాలానికి సంబంధించిన ఒక హద్దులోనే ఇమిడి ఉంది. పగలు మనుషులది, రాత్రి దేవతలది అన్న ఆ పంపకంలో మనిషికి దక్కింది తక్కువేమీ కాదు, అయినా మొత్తం దక్కలేదు. సూర్యుడు ఈ సముద్రంలో అస్తమించేటప్పుడు చాలా పెద్దగా కనిపిస్తాడనీ, కాలిన ఇనుము నీటిలో ముంచినట్టు చప్పుడవుతుందనీ ఆ రోజుల్లో ఒక ప్రచారం ఉండగా, పొసిదోనియస్ అనే తత్త్వవేత్త దాన్ని ఖండించిన సంగతిని కూడా స్త్రాబో అక్కడే చెబుతాడు. అంటే, కథను నమ్మనివాడు కూడా ఆ సముద్రంలో అస్తమయాన్ని శ్రద్ధగా గమనించాడన్నమాట. తరువాతి శతాబ్దాలలో మతాలు మారాయి గాని చోటు గౌరవం పోలేదు. 304 ప్రాంతంలో హతసాక్షి అయిన విన్సెంటు పునీతుని దేహం పడవలో అక్కడికి చేరిందనీ, కాకులు దాన్ని కాపలా కాశాయనీ క్రైస్తవ గాథ ఏర్పడింది. 12వ శతాబ్దపు అరబ్బు భూగోళవేత్త అల్ ఇద్రీసీ కూడా అక్కడి కాకుల చర్చి గురించి రాశాడు. 1173లో ఆ అవశేషాలను లిస్బన్‌కు తరలించగా, నావ మీద రెండు కాకులున్న బొమ్మ ఆ నగరపు చిహ్నమై నేటికీ నిలిచింది. ఇప్పుడు ఆ పడమటి కొసన, దీపస్తంభం పక్కన, వేసవిలో జనం గుమిగూడేది సూర్యాస్తమయం చూడటానికే. పాత నియమం వెనుదిరగమన్న వేళకే నేటి విహారి అక్కడికి చేరుకుంటున్నాడు. ఇందులో దైవదూషణ ఏదో జరిగిపోతున్నదని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కాని ఒక హద్దు చెరిగిపోయిందనీ, దాని బదులు మరొకటి ఏర్పడలేదనీ మాత్రం చెప్పక తప్పదు.

సముద్రానికీ మనిషికీ మధ్య ఇటువంటి హద్దు తెలుగు పాఠకులకు కొత్త కాదు. రావిచెట్టును, సముద్రాన్ని సేవించాలే గాని ఇష్టం వచ్చినప్పుడల్లా తాకరాదనీ, సముద్ర స్నానం పర్వదినాలకే, అనగా పౌర్ణమి, అమావాస్య, గ్రహణం వంటి ప్రత్యేక తిథులకే పరిమితమనీ పెద్దలు చెబుతూ వచ్చారు. కార్తీక పౌర్ణమికి సూర్యలంకకూ మంగినపూడికీ తరలివెళ్లే జనంలో ఈ నియమాన్ని గ్రంథం తెరిచి చదివినవారు కొద్దిమందే అయినా, మామూలు మంగళవారం నాడు అలల్లోకి దిగితే ఇంట్లో ఎవరో ఒకరు గొణగడం ఇప్పటికీ వింటూనే ఉంటాం. సాగ్రెస్‌లో హద్దు గీసింది పగలూ రాత్రీ అయితే, ఇక్కడ గీసింది తిథి.

పోర్చుగల్‌లోనూ సముద్ర స్నానానికి తిథులున్నాయి. ఉత్తరాన ఎష్‌పొజెంద్ దగ్గరి ఒక తీరగ్రామానికి పునీత బర్తొలోమయి పేరే ఉంది. ఆ పునీతుని పండుగ అయిన ఆగస్టు 24న అక్కడ పవిత్ర స్నానం జరుగుతుంది. ఆ రోజు సైతాను కట్లు తెంచుకుని తిరుగుతుంటాడని జనశ్రుతి. పిల్లలకున్న భయం, మూర్ఛ, నత్తి పోవాలని తల్లిదండ్రులు వాళ్ల చేత నల్లకోడిని పట్టించి చర్చి చుట్టూ మూడుసార్లు తిప్పి, పునీతుని పల్లకీ కిందుగా దూరించి, ఆ తరువాత తీరానికి తీసుకువెళతారు. నీళ్లలో నిలబడ్డ మనిషి బిడ్డను అందుకుని బేసి సంఖ్యలో అలలకు ముంచి తీస్తాడు. మూడో, అయిదో, ఏడో, సరిసంఖ్య మాత్రం పనికిరాదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. అది చల్లని ఉత్తరపు అట్లాంటిక్ అని గుర్తు చేసుకుంటే ఆ ఏడుపుకు కారణం వెతకనక్కరలేదు. దక్షిణాన లాగోస్‌లో ఆగస్టు 29న, స్నాపక యోహాను శిరచ్ఛేదాన్ని స్మరించే రోజున, కొండప్రాంతపు రైతులు పశువులతో సహా దిగివచ్చి మునిగేవారు. ఆ ఒక్క మునక 29 మునకలతో సమానమని వారి లెక్క. ఏడాదంతా సముద్రం కనుచూపు మేరలోనే ఉన్నా, వారికి అది ఆ ఒక్కరోజుదే.

ఈ స్నానాలలో సుఖం లేదనుకోవడం పొరపాటు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు తిన్నారు, తాగారు, ఆడారు, పాడారు. అయితే సుఖం కోసం వచ్చామని ఎవరూ చెప్పుకోలేదు. పందొమ్మిదో శతాబ్దంలో వైద్యులు సముద్ర స్నానాన్ని మందుగా రాసి ఇవ్వడంతో పునీతుని స్థానంలో డాక్టరు వచ్చాడు. 1870 నుంచి రాజకుటుంబం వేసవిని కష్కైస్‌లో గడపసాగడంతో డాక్టరు స్థానంలో హోదా వచ్చింది. 1876లో రమాల్యు ఒర్తిగావు అనే రచయిత పోర్చుగల్ తీరాలన్నిటి గురించి స్నానానికి వెళ్లేవారి కోసం ఒక మార్గదర్శినే ప్రచురించాడు. ఒకే అవసరానికి పనికివచ్చే అనేక తీరాలను వరుసగా పేర్చి, ఎవరికి కావలసినది వారు ఎంచుకోవచ్చునన్న ఊహ అప్పటికి గట్టిపడిందనడానికి ఆ పుస్తకమే సాక్ష్యం. బర్తొలోమయి స్నానానికి వచ్చిన తల్లి తీరాన్ని ఎంచుకోలేదు. ఎక్కడికి, ఏ రోజున వెళ్లాలో ముందే నిర్ణయమై ఉంది. మార్గదర్శి చేత పట్టుకున్న విహారికి రోజూ తన చేతిలోదే, తీరమూ తన చేతిలోదే. ఈ స్వేచ్ఛ నిజమైన లాభమే, దాన్ని వెనక్కు ఇచ్చేయమని ఎవరినీ అడగలేం. కాని ఎంచుకునే స్వేచ్ఛతో పాటు ఎంపికకు జవాబుదారీ కూడా వస్తుంది.

ఆ జవాబుదారీ ఎంతవరకు అన్న వాదం ఐరోపా తత్త్వచరిత్రలో రాజుకున్నది ఈ తీరం కారణంగానే. 1755 నవంబర్ 1న, సకల పునీతుల పండుగ ఉదయం, చర్చిలన్నీ జనంతో, వెలిగించిన కొవ్వొత్తులతో నిండి ఉన్న వేళ లిస్బన్‌ను మహాభూకంపం కుదిపివేసింది. ఆ వెంటనే సునామీ, దాని వెనుక రోజుల తరబడి మంటలు. అల్గార్వ్ తీరాన్ని కూడా అలలు ముంచెత్తి, అప్పటి వరకు ఆ ప్రాంతపు రాజధానిగా ఉన్న లాగోస్‌ను నేలమట్టం చేశాయి. మలాగ్రీద అనే జెసూట్ గురువు ఇది ప్రజల పాపాలకు దైవం వేసిన శిక్షే తప్ప ప్రకృతి కారణాల వల్ల వచ్చింది కాదని ప్రచారం చేశాడు. 1761లో మతవిచారణ న్యాయస్థానం అతణ్ణే పాషండుడిగా తేల్చి మరణశిక్షకు అప్పగించడం ఆ కాలపు రాజకీయాల వికృతి. ఉన్నదంతా మంచికేనన్న ఆశావాదాన్ని వోల్టేర్ మొదట ఒక పద్యంలోనూ, తరువాత 1759 నాటి కాందీద్ అనే నవలలోనూ ఎత్తిపొడిచాడు. 1756 ఆగస్టులో అతడికి జవాబుగా రాసిన లేఖలో రూసో వేసిన ప్రశ్న వేరు. ఆరేడు అంతస్తుల ఇళ్లు ఇరవై వేలు ఒకేచోట కట్టినది ప్రకృతి కాదు కదా అనీ, జనం తేలికపాటి ఇళ్లలో చెదరి నివసించి ఉంటే నష్టం ఎంతో తగ్గేదనీ, బట్టలకో కాగితాలకో డబ్బుకో వెనక్కు వెళ్లి చనిపోయినవారు ఎందరో ఉన్నారనీ అతడు గుర్తు చేశాడు.

రూసో మాటలో సత్యముంది, కొంత కాఠిన్యమూ ఉంది. లిస్బన్‌లో పుట్టి పెరిగిన చాకలి స్త్రీ ఆరంతస్తుల ఇంటి నేలమాళిగను ఎంచుకోలేదు. బతుకు ఆమెను అక్కడ పెట్టింది. ప్రారబ్ధం అనే మాటతో ఆమె మరణాన్ని వివరించడం కూడా మలాగ్రీద చేసిన పనికి పెద్ద దూరంలో లేదు. రూసో తర్కం సంపూర్ణంగా వర్తించేది విహారికే, ఎందుకంటే అక్కడ ఉండి తీరవలసిన అవసరం ఏమాత్రమూ లేనివాడు అతడొక్కడే. 2009 ఆగస్టు 21న అల్బుఫైరా దగ్గరి మరీయ లుయీజ తీరంలో కొండచరియ విరిగిపడి అయిదుగురు మరణించారు. అల్గార్వ్ కొండచరియలు మెత్తని రాతివి. అలలు అడుగును తొలుస్తుంటే పైభాగం ఎప్పుడో ఒకప్పుడు దిగవలసిందే, ఆ గుహలూ తోరణాలూ ఏర్పడినది కూడా అలాగే. మధ్యాహ్నపు ఎండలో నీడ దొరికేది ఆ చరియల కిందే, హెచ్చరిక బోర్డులు నిలబెట్టేదీ అక్కడే. సొంత గొడుగు తెచ్చుకుని చరియకు దూరంగా కూర్చోవడం భక్తి కాకపోవచ్చు గాని, చోటు చెప్పే మాటను వినడమే.

నజరే విషయానికి వస్తే, భయానికీ సౌందర్యానికీ ఉన్న సంబంధం అక్కడ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1182 సెప్టెంబర్ 14న ఫువాష్ రొపీన్యు అనే దొర పొగమంచులో లేడిని తరుముతూ కొండ అంచుకు చేరి, మరియమాతను తలచుకోగా గుర్రం అంచున ఆగిపోయిందని గాథ. ఊరికి పైన సీతియు అనే కొండ మీద ఆ స్మృతికి కట్టిన చిన్న మందిరం ఉంది. ఆ కొండకు ఉత్తరపు వైపున, సముద్ర గర్భంలోని లోతైన అగాధం అలలను కూడగట్టి ఎత్తడం వల్ల, 2020 అక్టోబర్‌లో ఒక జర్మన్ సర్ఫర్ 26.21 మీటర్ల అలపై స్వారీ చేశాడు. చలికాలంలో అలాంటి అలలను చూడటానికి వేలాదిమంది కోట గోడ మీద నిలబడతారు. ఉప్పొంగే సముద్రం వంటి భీకర దృశ్యాలు మనసును ఉన్నతం చేస్తాయనీ, అయితే చూసేవాడు సురక్షితమైన చోట ఉన్నప్పుడే అది సాధ్యమనీ 1790 నాటి గ్రంథంలో కాంట్ చెప్పినదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కాంట్ చెప్పని సంగతి మరొకటుంది: ఆ సురక్షితమైన చోటు జాలరికి లేదు. 1980లలో నౌకాశ్రయం కట్టేవరకు నజరే పడవలు నేరుగా ఇసుక మీది నుంచే అలల్లోకి దిగేవి, తిరిగి రానివాటి కోసం ఒడ్డున నల్లబట్టల స్త్రీలు కూర్చునేవారు. ఉదాత్తత ప్రేక్షకుడి అనుభవం. మందిరం మాత్రం జాలరిది. ఇప్పటికీ వేసవిలో తీరం చివర స్త్రీలు చేపలను చీల్చి, ఉప్పునీట కడిగి, చెక్క చట్రాలకు బిగించిన వలల మీద ఎండబెడుతుంటారు. ఆ ఎండు చేపల వాసన సేదతీరే కుర్చీల దాకా వస్తుంది. దాని మీద ఫిర్యాదు చేసే విహారులు ఉంటారు, అటువంటివారు నిస్సంకోచంగా మరో ఊరు చూసుకోవచ్చు.

అన్నిటికంటే కష్టమైన సందర్భం లాగోస్, అంటే నైజీరియా మహానగరం కాక, దానికి పేరు పోలిన అల్గార్వ్ పట్టణం. బంగారు రంగు కొండచరియల మధ్య పడవ షికారుకు అది ప్రసిద్ధం, దాని తూర్పున పొడవైన ఇసుక తీరం కుటుంబాలకు చాలా అనువైనది. 1444 ఆగస్టు 8న అదే ఊరి బయలులో, ఆఫ్రికా పశ్చిమ తీరం నుంచి పట్టి తెచ్చిన 235 మంది బందీలను దించి భాగాలు పంచారు. రాజకుమారుడు హెన్రీ గుర్రం మీద ఉండి చూశాడు, అయిదో వంతు కింద 46 మంది అతడికి వచ్చారు. చరిత్రకారుడు జురార ఆ పంపకంలో తల్లులను పిల్లల నుంచి వేరు చేసిన తీరును వర్ణిస్తూ తనకు కన్నీరు ఆగలేదని రాశాడు, ఆ వెంటనే వారి ఆత్మలకు రక్షణ దొరికిందని సమాధానపడ్డాడు. 2009లో నగర గోడల బయట భూగర్భ పార్కింగ్ కోసం తవ్వుతుండగా, పాత కాలపు చెత్త పారబోసే చోట 150కి పైగా ఆఫ్రికన్ల అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటిని పరిశోధనకు తరలించాక పార్కింగ్ నిర్మాణం పూర్తయింది, దాని పైన చిన్న గోల్ఫ్ ఆట స్థలం వెలసింది.

అయిదో శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త అగస్టీన్ వస్తువులతో మనిషికి ఉండే సంబంధాన్ని రెండుగా విడదీశాడు: ఒకదాన్ని దాని కోసమే ప్రేమించి ఆనందించడం, మరొకదాన్ని వేరే లక్ష్యానికి సాధనంగా వాడుకోవడం. స్వదేశానికి వెళుతున్న బాటసారి దారి అందానికీ బండి హాయికీ మురిసి గమ్యాన్ని మరచినట్టుగా, వాడుకోవలసిన లోకాన్ని ఆనందించాలని చూసేవాడు దారి తప్పుతాడని అతడి హెచ్చరిక. ఈ దృష్టిలో విహారి చేసే తప్పు తీరాన్ని అతిగా ప్రేమించడం. లాగోస్‌ను చూసినప్పుడు ఈ సూత్రం తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ 1444లో జరిగిన ఘోరమంతా అతిగా ఆనందించడం వల్ల రాలేదు. మనుషులను పూర్తిగా సాధనాలుగా, తూచి పంచదగిన వాడుక సరుకుగా చూడటం వల్ల వచ్చింది. అదే చూపును మరింత మర్యాదగా ఊరి మీద ప్రసరిస్తే, ఎండ ఇచ్చే యంత్రంగా, అవశేషాలు అడ్డు వస్తే తీసి పక్కన పెట్టదగిన స్థలంగా ఆ ఊరు మారుతుంది. అందుకని లాగోస్‌కు వెళ్లకూడదా? బహిష్కరణ వల్ల చనిపోయినవారికి ఒరిగేదేమీ లేదు, చరిత్ర లేని తీరం కోసం వెతికితే లోకంలో ఎక్కడా దొరకదు. పాత బానిస సంతగా పేరొందిన కట్టడంలోని ప్రదర్శనశాలను ఒక పూట చూసి, మిగిలిన పూట ఈతకు వెళ్లినవారి ఈత కలుషితమైపోదు. రెంటినీ ఒకే రోజులో ఇముడ్చుకోలేని సుఖమే అనుమానించదగినది.

ఇక విహారస్థలం అనే ఏర్పాటు గురించి ఒక చట్టపు సంగతి చెప్పుకోవాలి. 1864 డిసెంబర్ 31 నాటి రాజశాసనం పోర్చుగల్ సముద్రతీరాన్ని ప్రజల ఉమ్మడి ఆస్తిగా ప్రకటించింది; అంతకు ముందే తమ సొంతమని రుజువు చేసుకోగలిగినవారి మినహాయింపులు పోను, నేటి చట్టం కూడా ఆ తేదీనే ప్రమాణంగా తీసుకుంటుంది. అందువల్ల ఎంత ఖరీదైన బస అయినా అమ్మగలిగింది పరుపునూ, ఈతకొలనునూ, అల్పాహారాన్నీ, ప్రహరీగోడనూ మాత్రమే. ముందున్న ఇసుక దాని అమ్మకానికి లోబడదు. పొరుగు ఊరి కుటుంబం అన్నం డబ్బాలతో వచ్చి అదే తీరంలో తమ గొడుగు పాతుకోవచ్చు. లిస్బన్‌కు దక్షిణాన కొన్ని కొత్త విలాస నివాసాల దగ్గర తీరానికి చేరే దారుల మీద గొడవలు చెలరేగడానికి కారణం ఈ హక్కును కాగితం మీద ఉంచి దారిలో మూయడమే. ఎంపిక చేసేవారు గది ఫొటోలకంటే ముందు ఈ దారిని చూడటం మంచిది.

ఈ విచారణను బట్టి ఏ ఊరు ఎంచుకోవాలో చెప్పమంటే, గాలికీ చల్లని నీటికీ ఓర్చుకోగలవారికి సాగ్రెస్ అన్నిటికంటే మిన్న, అక్కడి కొండ అంచు ఇప్పటికీ ఎవరి సౌకర్యాన్నీ లెక్కచేయదు కనుక. చిన్నపిల్లలూ ముసలివారూ వెంట ఉన్నవారు ఆ ఎంపికను గొప్పకోసం చేయడం అవివేకం. వారికి తవీరా ఎదుటి ఇసుక దీవి తగినది: నీరు కొంత గోరువెచ్చన, దీవి మీద కార్లు లేవు, వెళ్లిరావడం పడవ వేళలకు కట్టుబడి ఉంటుంది, ఇసుక దిబ్బల మొక్కలను తొక్కకుండా చెక్కబాట మీదనే నడవాలి. అల్బుఫైరాలో కూడా ప్రాణరక్షకులున్న తీరాలూ, అందుబాటు ధరల గదులూ ఉన్నాయి, ఏడాదంతా కర్మాగారంలో నిలబడి పనిచేసినవాడు అక్కడ వారం రోజులు ఏమీ చేయకుండా పడుకోవడాన్ని తప్పుపట్టే అధికారం ఏ తత్త్వశాస్త్రానికీ లేదు. ఎర్రజెండా ఎగిరిన రోజున అతడు నీళ్లలోకి దిగకుండా ఒడ్డునే ఉండిపోతే చాలు.